ఆస్టియోపతి వైద్య కళాశాల: బలాన్ని ఎక్కడ చూడాలి?

అమెరికాలో స్థిరపడిన బంధుమిత్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. “మా అమ్మాయికి ఎం.డి. కాలేజీలో సీటు రాలేదు, డి.ఓ. కాలేజీలో వచ్చింది. చేర్చమంటారా?” నాలుగేళ్ల కాలం, మోయలేనంత అప్పు ముడిపడిన ప్రశ్న కనుక కొంత వివరంగా చెబుతాను.

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. ఆస్టియోపతి అంటే కేవలం ఎముకలు సరిచేసే విద్య అని మనలో చాలామంది అనుకుంటారు. ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో తొలి కళాశాలను స్థాపించాడు. చేతులతో చేసే చికిత్సను అక్కడ నేటికీ అదనంగా బోధిస్తారు. అయితే అమెరికాలో డి.ఓ. పట్టభద్రులకు మందులు రాయడంలోనూ, శస్త్రచికిత్స చేయడంలోనూ ఎం.డి.లతో సమాన హక్కులున్నాయి. 2020 నుండి ఉభయుల రెసిడెన్సీలకూ గుర్తింపునిచ్చే సంస్థ ఒక్కటే. కనుక పరిశీలించవలసింది పట్టా పేరును కాదు, ఆ కళాశాల ఇచ్చే శిక్షణను.

ఆ శిక్షణకు గుండెకాయ మూడవ, నాలుగవ సంవత్సరాల క్లినికల్ రొటేషన్లు. అనేక డి.ఓ. కళాశాలలకు సొంత బోధనాసుపత్రి లేదు. విద్యార్థులను దూరప్రాంతాల ఆసుపత్రులకు పంపుతారు. అక్కడ రెసిడెంట్లతో కలిసి వార్డులో పనిచేస్తారా, లేక ఒకే డాక్టరు వెంట క్లినిక్కులో నిలబడి చూస్తారా? రొటేషన్లను కళాశాలే ఏర్పాటు చేస్తుందా, విద్యార్థే వెతుక్కోవాలా? ఎన్నిసార్లు ఊరు మారాలి? వైద్యం నేను నేర్చుకున్నది రోగి మంచం పక్కనే. ఎంత తెలివైన విద్యార్థికైనా ఆ అవకాశం లేని లోటును పుస్తకం తీర్చలేదు.

ఇక అంకెల సంగతి. “మా విద్యార్థులందరికీ రెసిడెన్సీ వచ్చింది” అన్న ప్రకటనను విడదీసి చూడండి. అందులో ఒక్క ఏడాదితో ముగిసే ప్రిలిమినరీ స్థానాలెన్ని? మొదటి మ్యాచ్‌లో రాక, మిగిలిన ఖాళీలలో చేరినవారెందరు? చేరినవారిలో నాలుగేళ్లలో పూర్తిచేసినవారెందరు? కామ్లెక్స్ పరీక్షలో తొలి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులైనవారెందరు? మొదటి అంచె కామ్లెక్స్‌కు 2022 నుండి మార్కులు ఇవ్వడం లేదు కనుక, పై అంచెల ఫలితాలను కూడా అడగండి.

ఈ ప్రశ్నలను ప్రవేశాల కార్యాలయంతోపాటు నాలుగవ సంవత్సరం విద్యార్థులను ఇద్దరు ముగ్గురినైనా అడిగించండి. ఇరువురి సమాధానాలూ కలిస్తే నిశ్చింతగా చేర్చండి. రొటేషన్ల విషయంలో మాట దాటవేస్తే మాత్రం, రుసుము చెల్లించే ముందు మరొక్కసారి ఆలోచించండి.