బిల్లింగ్ కొండమీద కోనసీమవాడు

కొండలంటే మా కోనసీమవాళ్ళకు పాపికొండలే. అవైనా లాంచీలోంచి తలెత్తి చూడవలసినవి. అటువంటి నేను హిమాచల్ ప్రదేశ్‌లో, 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీలు జరిగిన బిల్లింగ్ కొండ అంచున నిలబడ్డాను. ఎత్తు సుమారు 2,400 మీటర్లు. దిగవలసిన బీర్ గ్రామంలో మా ఆవిడ దణ్ణాలు పెట్టుకుంటూ కూచుంది.

జంటగా ఎగిరేటప్పుడు పైలట్ వెనక, మనం ముందు. కొత్తవాడి పనల్లా పరుగెత్తడమే. పరుగెత్తితేనే వెనక పరిచిన గుడ్డలో గాలి నిండి రెక్కలా బిగుస్తుంది. భయపడి మధ్యలో కూలబడితే ఇద్దరికీ ప్రమాదం.

"కాళ్ళు గాలిలో ఆడుతున్నా పరుగు ఆపకండి" అన్నాడు పైలట్ హిందీలో.

నాలుగడుగులు వేశానో లేదో, నేలే లేదు! కాళ్ళు మాత్రం పరుగెడుతూనే ఉన్నాయి. ఎండకు వేడెక్కిన గాలి మమ్మల్ని పైకెత్తింది. కింద మెట్లుమెట్లుగా పొలాలు!

గడ్డిమీద చతికిలబడి దిగాను. మా ఆవిడ పరుగున వచ్చి ముందు నా కాళ్ళు చూసింది.