నీలిపూలు - రాతికట్టు

మదనపల్లె నుంచి 30 కిలోమీటర్ల లోపు పోతే హార్సిలీ కొండ వస్తుంది. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు 4,000 అడుగులకు పైనే. 1870 ప్రాంతంలో హార్సిలీ అనే కడప కలెక్టరు వేసవికాలానికని అక్కడ బంగళా కట్టించుకున్నాడు. అందువల్ల ఈ పేరు వచ్చింది.

కొండెక్కేవాళ్ళు పైకి చూస్తారు గాని, వానలు పడ్డాక దారి పక్కన చూడాలి. గులకనేలలో, మోరీల దగ్గర, కంచెల మీద నీలిపూలు కనిపిస్తాయి. వీటిని మన ఇంటి రాతికట్టు సందుల్లో పెంచితే ఎంత బాగుంటుంది! కాని రంగు చూసి మొక్కను తేకూడదు. ఒకటి కట్టుకు అందమైతే ఇంకొకటి చేనుకు చేటు.

మోరీ పక్క తడిలో ఉండేది వెన్నదేవి కూర. దొన్నెలాంటి ఆకుమడతలోంచి పూవు పైకి వస్తుంది. రెండు రేకులు పెద్దవి, మూడోది చిన్నది. లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఈ జాతికి కమెలైనా అని పేరు పెట్టాడు. హాలెండులో కమెలిన్ వంశంవారు ముగ్గురిలో ఇద్దరు వృక్షశాస్త్రంలో పేరు పొందారనీ, మూడోవాడు ఏమీ సాధించకుండానే చనిపోయాడనీ, పూవు అచ్చం వాళ్ళలాగే ఉన్నదనీ ఆయన అన్నాడు!

ఈ మొక్క నేల కింద కూడా పూస్తుంది. ఆ పూలు విచ్చుకోకుండానే గింజ కడతాయి. పైన పీకేసినా కింద గింజలు మిగులుతాయి. తెగిన కాడ కూడా తడి తగిలితే వేళ్ళు వేస్తుంది. అందుకే రైతు దీన్ని కలుపు అంటాడు. కూర వండుకోవచ్చు గాని, కట్టులో నాటకూడదు.

కంచె మీద పాకేది శంఖుపుష్పం. చిక్కుడు, కందుల కుటుంబంలోదే. దీని నీలిరసంలో నిమ్మరసం పిండితే రంగు ఎరుపుకు తిరుగుతుంది. ఇది తీగ కనుక కట్టు వెనక పందిరి వేయాలి.

గులకనేలలో పరుచుకుని ఉండేది విష్ణుక్రాంత. వినాయకచవితి పత్రిలో ఈ పేరు విన్నారుగా! కొన్నిచోట్ల శంఖుపుష్పాన్నే ఆ పేరుతో పిలుస్తారు, కనుక పేరును కూడా నమ్మరాదు. చిటికెనవేలి గోరంత పూవు, గుండ్రని పళ్ళెంలా ఉంటుంది. పొద్దున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆకుల మీద పట్టులాంటి నూగు ఉంటుంది. అది తేమను తొందరగా ఆరిపోనివ్వదు. రాతికట్టుకు తగిన మొక్క ఇదే.

అయితే పెరికి తేవద్దు. వేరు రాళ్ళ మధ్య దిగి ఉంటుంది, లాగితే తెగిపోతుంది. అడవిశాఖవారి హద్దులో ఏదీ తుంచరాదు. మీ ఊరి బాట పక్కనే ఇది దొరకవచ్చు. ఎండిన కాయలు నాలుగు ఏరుకుని, మిగిలినవి అక్కడే వదలండి. రాళ్ళ సందుల్లో ఎర్రమన్ను, గులక కలిపి నింపి, తొలకరిలో గింజలు చల్లండి. నీళ్ళు నిలవకుండా చూడండి.

రేపు బడికి పోతూ దారిపక్క ఒక నీలిపూవు దగ్గర ఆగి, రేకులు లెక్కపెట్టండి. అది ఏ పూవో మీ అమ్మానాన్నలకు మీరే చెప్పగలరు.