కిరాయి పడవలో అమ్మ

మందమర్రిలో పుట్టి పెరిగినదాన్ని. నీళ్ళంటే నాకు రెండే గుర్తొచ్చేవి. ఒకటి, క్వార్టర్ల ముందు నల్లా వచ్చే టైము. రెండోది, బాయిలోకి నీళ్ళొచ్చాయన్న వార్త. సముద్రం మా లెక్కలో లేదు. అలాంటి మేము 2025 జనవరిలో అండమాన్ వెళ్ళి ఒక స్పీడ్‌బోటును రోజంతా మాకోసమే కిరాయికి మాట్లాడుకున్నాం. మేమంటే అమ్మ, అక్క, నేను, నాతోపాటు పరిశోధన చేసిన స్నేహితురాలు. నలుగురం ఆడవాళ్ళమే. కిరాయి 22,000 రూపాయలు.

ఈ అంకె ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. అమ్మకు నెలనెలా వచ్చే కుటుంబ పింఛను 2,300. అంటే అమ్మ తొమ్మిదిన్నర నెలల పింఛను ఒక్క పగటిపూట పడవకు ఇచ్చేశాను. అమ్మకు మాత్రం నాలుగు వేలని అబద్ధం చెప్పాను.

"అందరితోపాటు టికెట్టు కొనుక్కుని పోవచ్చు కదనే, మనకోసమే ఒక పడవెందుకు?" అని అక్క అడిగింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులని, గుంపులో ఎక్కడం దిగడం కష్టమని చెప్పాను. అది సగం నిజమే. మిగతా సగం వేరే ఉంది. ఒక్క రోజైనా ఒక వాహనం అమ్మకోసం ఆగాలని, ఆమె లేస్తే కదలాలని, ఆమె కూర్చుంటే నిలబడాలని నా పంతం.

కిరాయి బండి అనేది మా బొగ్గుబాయిల ప్రాంతంలో కొత్త మాటేమీ కాదు. మేడారం జాతరకు జీపు మాట్లాడుకుంటారు. ఎల్‌టీసీ వచ్చినప్పుడు కాలనీలో కొన్ని కుటుంబాలు కలిసి బస్సు మాట్లాడుకుని తిరుపతి పోతాయి. నా చిన్నప్పుడు మేమూ ఒకసారి పోయాం. బస్సు ఎక్కడ ఆగాలో మగవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆగిన చోటల్లా ఆడవాళ్ళు దిగి స్టవ్వు వెలిగించేవాళ్ళు. ఆ యాత్ర గురించి అడిగితే అమ్మ ఇప్పటికీ కొండ గురించి చెప్పదు. "నెల్లూరు కాడ ఉప్మా మాడింది" అంటుంది.

బాపు భూగర్భ గనిలో కోల్ ఫిల్లర్. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. ఆ మూడు షిఫ్టుల ప్రకారమే మా ఇంట్లో పొయ్యి వెలిగేది, మా నిద్ర నడిచేది. షిఫ్టు సైరన్ మోగాక అమ్మ చెవి గేటు మీదే ఉండేది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడు మా మేనమామ గోదావరిఖనిలోనే పనిచేసేవాడు. ఆ గనిలో కాదు, కానీ ఆ సంగతి రూఢిగా తెలిసేదాకా అమ్మ అన్నం ముట్టలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. భూమి లోపల మనుషులు నీళ్ళలో మునిగి చనిపోతారని ఆ రోజే నాకు తెలిసింది.

అందుకే అబర్డీన్ జెట్టీలో పడవను చూసి అమ్మ భయపడుతుందేమో అనుకున్నాను. ఆమె భయపడలేదు. ముందు అక్కడి రిజిస్టరు చూసింది. మా పేర్లు, వయసులు రాసుకుని, తలలు లెక్కపెట్టి, లైఫ్ జాకెట్లు ఇచ్చారు. "మల్ల వచ్చినంక లెక్కపెడ్తరా?" అని అడిగింది. పెడతారని పడవ నడిపే అతను తెలుగులోనే జవాబిచ్చాడు. అమ్మ మొహం తేటపడింది. బాయి మీద కూడా అంతే కదా. దిగినవాళ్ళ లెక్క, ఎక్కినవాళ్ళ లెక్క సరిపోవాలి. ఈ లెక్క ఉత్త తతంగం కాదు. 2014 జనవరి 26న ఈ ఊరి దగ్గరే సముద్రంలో, మోయగలిగిన దానికి మించి ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు.

పడవ నడిపే అతని తాతల కాలంలో వాళ్ళ కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకు ఈ దీవులకు వచ్చిందట. ఇక్కడ తెలుగు వినపడటం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తమ మాతృభాష తెలుగని చెప్పారు. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. అతను మాత్రం మాటల్లో ఇంకా పోర్ట్ బ్లెయిరనే అంటున్నాడు.

మొదట రాస్ ద్వీపం. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 1941 భూకంపం దాకా బ్రిటిష్ పాలనకు అదే కేంద్రం. ఇప్పుడు గోడల్ని చెట్ల వేర్లు పట్టుకుని నిలబెడుతున్నాయి. చర్చి శిథిలాల దగ్గర నా స్నేహితురాలు, నేను మన అలవాటు ప్రకారం చరిత్రలో పడ్డాం. 1858లో ఇక్కడ శిక్షా స్థావరం పెట్టిన తర్వాత ఆడ ఖైదీలను కూడా ఓడల్లో తెచ్చారు. కొన్నేళ్ళు శిక్ష అనుభవించి 'మంచి నడవడి' చూపిన మగ ఖైదీలకు పెళ్ళికి అనుమతి ఇచ్చి, ఆ ఆడవాళ్ళలోంచి భార్యలను కుదిర్చేవాళ్ళు. స్థావరం స్థిరపడటానికి సంసారాలు కావాలి, సంసారానికి ఆడమనిషి కావాలి. ఆమెను ఎవరూ ఎటు పోతావని అడగలేదు. ఇదంతా అమ్మకు ఉత్సాహంగా చెప్పాను. అమ్మ విని, "గా జింకకు కాలు నొస్తున్నట్టున్నది, సూడు" అంది.

"బాగుందా అమ్మా?" అని అడిగాను. "బాగున్నది" అంది.

అక్కడినుంచి నార్త్ బే. కొన్నేళ్ళ కిందటి ఎర్ర ఇరవై రూపాయల నోటు గుర్తుందా మీకు? దాని వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌస్ ఉండేవి. ఆ బొమ్మ ఈ తీరానిదే.  2019లో ఎల్లోరా బొమ్మతో కొత్త నోటు వచ్చింది కానీ, అమ్మ దగ్గర పాతవి ఇంకా ఉన్నాయి. బాపు జీతం తెచ్చిన రోజు అందులోంచి ఒకటో రెండో ఇరవై నోట్లు తీసి బియ్యం డబ్బాలో దాచేది. ఆ సంగతి గుర్తుపెట్టుకునే నార్త్ బే ఎంచుకున్నాను. "అమ్మా, నువ్వు దాచుకున్న నోటు మీది బొమ్మ ఇదే" అని చెప్పి, ఆమె మొహం వైపు ఫోను పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ లైట్‌హౌస్ వైపు ఒకసారి చూసింది. "అవునా" అంది. పడవ అడుగున నీళ్ళెంత లోతని అతన్ని అడిగింది.

అక్కడినుంచి మొదలైంది. కింద రాళ్ళున్నాయని ఎట్ల తెలుస్తది? నీళ్ళ రంగును బట్టి తెలుస్తుందన్నాడతను. లేత ఆకుపచ్చ అయితే ఇసుక, నల్లగా ఉంటే రాయో పగడపు దిబ్బో. ఇంజన్లు రెండెందుకు? ఒకటి ఆగితే రెండోదానితో ఒడ్డు చేరొచ్చు. గాలి మారితే ఎవరు చెప్తరు? జెట్టీలో చెప్తారు, ఒక్కోసారి చెప్పకముందే ఒంటికి తెలుస్తుంది. నెలకెన్ని రోజులు పని? వానాకాలంలో పడవలు కట్టేస్తే జీతమొస్తదా? పడవ నీదేనా? కాదు, ఓనరుది. ఇంటికి ఎన్ని గంటలకు పోతవ్? "ఐదుకల్లా ఎల్లిపోతానమ్మా" అన్నాడు.

మధ్యలో సంచిలోంచి సంక్రాంతి సకినాలు తీసింది. ముందు అతనికి, సహాయానికి వచ్చిన కుర్రాడికి పెట్టింది. "తిన్నవా కొడుకా పొద్దున?" అని అడిగింది. నాకు కోపమొచ్చింది. మందమర్రి నుంచి ఇంత దూరం తీసుకొస్తే ఇక్కడ కూడా వడ్డనేనా?

"అమ్మా! ఒక్క రోజైనా ఊరికే కూర్చోరాదా?"

"కూసునే ఉన్న గదనే. పడవల నడిచేటట్టున్నదా?"

అక్క నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటి చాకిరీ గురించి నేను రాసిన వ్యాసాలన్నీ ఆ పడవలో నా పక్కన కూర్చున్నట్టనిపించింది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం తెలుగు కథల్లో తల్లుల శ్రమ గురించే. ఆ అధ్యాయానికి ముగింపు ఈ పడవలో దొరకాలని నేను చూస్తున్నాను. అమ్మేమో దొరకనివ్వడం లేదు.

సకినం కొరుకుతున్న అతన్ని అమ్మ ఇంకో మాట అడిగింది. "నీ పెండ్లాం ఎప్పుడన్న ఎక్కిందా గీ పడవ?"

అతను కాసేపు ఆగాడు. "లేదమ్మా. పడవ కాలీగా ఎప్పుడుంటాది? కాలీగా ఉన్ననాడు పెట్రోలెవులు పోస్తారు?"

"గామెకు తెల్వదన్నట్టు, నువ్వు ఎట్ల పోతవో, ఎట్ల వస్తవో."

ఆ మాట అతనితో అన్నా, అతన్ని ఉద్దేశించింది కాదని నాకప్పుడు అర్థమైంది. అమ్మ సముద్రం వైపు తిరిగి నెమ్మదిగా చెప్పుకుపోయింది. "మీ బాపు కట్టెతోటి పైకప్పు కొట్టి సప్పుడు వింటుండెనట. గట్టిగ మోగితె మంచిదట, బోలుగ మోగితె ఉరకాల్నట. గాయన చెప్తుండె. ముప్పై ఏండ్లు గాయన బట్టలు ఉతికిన. గా మసి ఎక్కడిదో ఒక్కనాడు సూడలే."

చూడటానికి వీల్లేదు కదా! 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి దింపకూడదంది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, యాజమాన్య పనుల్లో ఉన్న ఆడవాళ్ళు పగటిపూట దిగవచ్చని చెప్పింది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయిలకు దారి కొంత తెరుచుకుంది. అది చిన్న విజయమేమీ కాదు. కానీ ఆ మసి ఉతికిన వాళ్ళ సంగతి ఏ చట్టంలోనూ లేదు. బొగ్గుబాయి కార్మికుడి భార్యకు బాయి అంటే గేటు, సైరను, ఎదురుచూపు. అంతవరకే. లోపలి పని ఆమె బతుకంతా నడిపింది గానీ ఆమె కంటికి ఎన్నడూ కనిపించలేదు.

ఇవాళ ఒక మగవాడు పని చేస్తుండగా, అతని పక్కనే కూర్చుని, ఆ పనిలో ప్రమాదం ఎక్కడుంటుందో, తెలివి ఎక్కడుంటుందో అడిగే అవకాశం ఆమెకు అరవయ్యో ఏట దొరికింది. దాన్ని నేను వడ్డన అనుకున్నాను. సకినాలు పెట్టడం అలవాటే కావచ్చు, కాదనను. కానీ ఆ ప్రశ్నలు అలవాటు కాదు. అవి ఎన్నేళ్ళనుంచో దాచుకున్నవి.

సాయంత్రం జెట్టీలో మా తలలు మళ్ళీ లెక్కపెట్టారు. అమ్మ తనూ లెక్కపెట్టుకుంది. పడవతన్నీ కుర్రాడినీ కలిపి ఆరుగురు.

రాత్రి గదిలో మోకాళ్ళకు నూనె రాస్తూ మళ్ళీ అడిగాను. "నిజంగా బాగుందా అమ్మా?"

"పొద్దటిసంది ఎన్నిసార్లు అడిగినవే? సముద్రం మంచిగున్నది. పిల్లగాడు మంచిగ నడిపిండు. నువ్వే బాగున్నదా బాగున్నదా అనుకుంట నన్ను సూడనియ్యలే."

ఈ మాట దగ్గర నేనింకా ఆగిపోయి ఉన్నాను. అమ్మ త్యాగం చేసిందని రాసేది మనమే. దానికి పరిహారం ఎంతో, ఏ రూపంలో ఇవ్వాలో నిర్ణయించేదీ మనమే. ముట్టినట్టు రసీదు ఆమె మొహం మీద కనిపించాలని పట్టుబట్టేది కూడా మనమే. బస్సు ఎక్కడ ఆగాలో చెప్పిన మగవాళ్ళ మీద నాకు కోపం ఉంది. మరి అమ్మ ఎక్కడ ఆనందించాలో చెప్పిన నన్నేమనాలి? తీరిక అంటే ఊరికే కూర్చోవడమని నేననుకున్నాను. తనకు కావలసినదాన్ని తనకు కావలసినంతసేపు చూడటమని అమ్మ అనుకుంది. ఎవరూ విడమరిచి చెప్పకపోయినా మా ఇద్దరిలో తీరిక గురించి ఎక్కువ తెలిసింది ఆమెకే.

మందమర్రి తిరిగొచ్చాక పక్కింటివాళ్ళు సముద్రం గురించి అడిగితే, రెండు ఇంజన్ల పడవ ఒకటి ఆగినా ఎట్ల ఒడ్డు చేరుతుందో చెప్పింది. కిరాయి ఎంతని అడిగితే "రెండు వేలు" అంది. నా అబద్ధాన్ని ఆమె ఇంకా సగం చేసింది. అసలు సంగతి అక్క చెప్పేసింది. అమ్మ తిట్టలేదు. వారం రోజులు మాత్రం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత ఒకరోజు తనే ఫోన్ చేసింది. 2022 డిసెంబరులో ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' పేరుతో బొగ్గు గనులు చూపించే బస్సు యాత్ర మొదలుపెట్టింది. ఆ సంగతి ఎవరో ఆమెకు ఇప్పుడు చెప్పారట.

"కనుక్కోవే. బాయి లోపలికి తీస్కపోతరట. టికెట్టు పైసలు నేనిస్త, ఇరవై నోట్లున్నయి" అంది. ఒక నిమిషం ఆగి, "నువ్వు సుత రా. కానీ బాగున్నదా అని అడగకు" అంది.