వంశపు కోపము

మా కోనసీమలో పిల్లవాడు పండ్లు కొఱికి చేతిలోని గిన్నె విసరినచో, ఎందులకు విసరితివని యడుగువారు తక్కువ. “అచ్చం తాత పోలికే” యని తేల్చివేయువారే యెక్కువ. మా యింటను అట్లే జరిగినది. కిందటి సంవత్సరము మా పదకొండేండ్ల పిల్లవాడు బడిలో తోడి బాలుని జామెట్రీ పెట్టెతో కొట్టి నుదురు చిట్లగొట్టెను. నాలుగు కుట్లు పడినవి. ఆ బాలుని తల్లిని బ్రతిమాలుకొని యింటికి వచ్చి, మేము కొబ్బరి యీనెల కట్టతో వానిని కొట్టితిమి. మా మామగారి కోపము ఊరెల్ల నెఱుగును. ఆ నెత్తురు వీనిలో తలయెత్తకముందే అణచవలెనని మా తలంపు. పదిదినములు గడువకముందే వాడు అదే యీనెల కట్టతో చెల్లెలిని కొట్టెను.

అప్పుడు మా అత్తగారు అరుగుపై కూర్చుండి నెమ్మదిగా ననిరి: “మీ మామయ్యగారికి కోపం మొదటినుంచీ ఉంది అమ్మాయీ. కాదనను. అయితే కోపం వస్తే తోటలోకి పోయి, ఓ చుట్ట కాల్చుకుని వచ్చేవారు. తుపానుకి తోటే పోయాక ఇంకెక్కడికి పోతారు?”

1996 నవంబరు 6వ తేదీనాటి తుపానును మా ప్రాంతమువారు మఱువలేరు. వేయిమందికి పైగా మరణించిరి. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు తోటలుగా నేలబడినవి. కొబ్బరిమొక్క నాటినచో కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. ఆ యేండ్లలోనే అప్పులు, ఆ యేండ్లలోనే కంచములు గోడకు తగులుట. మేము కోడలిగా వచ్చునాటికి ఆయన కోపమే మాకు తెలియును గాని, ఆయన పోగొట్టుకొన్న తోట మేమెఱుగము.

వంశము అబద్ధమని మేమనుట లేదు. కవలపిల్లలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, మనుష్యులలో దుడుకుతనమందలి భేదములలో దాదాపు సగము జన్యువులవలన కలుగునని చెప్పుచున్నారు. తక్కిన సగము మాటయేమి? న్యూజీలాండు దేశమున డునెడిన్ నగరమందు 1972–73లో పుట్టిన వేయిమందికి పైగా శిశువులను పరిశోధకులు ఏండ్లతరబడి విడువక గమనించుచు వచ్చిరి. మెదడులో నరములు ఒకదానికొకటి వార్త నందించుకొను సెరొటోనిన్ వంటి రసములను, పని తీఱిన పిదప విఱిచివేయుటకు తోడ్పడు జన్యువొకటి కలదు. అది కొందఱిలో చుఱుకుగా, కొందఱిలో మందముగా పనిచేయును. 2002లో కాస్పీ, మాఫిట్ మొదలగువారు ప్రకటించినదేమనగా, ఈ జన్యువు మందముగా నుండి, చిన్ననాట దెబ్బలును హింసయు ననుభవించిన బాలురే పెద్దవారై దౌర్జన్యమునకు ఎక్కువగా దిగిరి. అదే జన్యువుండియు హింస నెఱుగక పెరిగినవారు అట్లు కాలేదు. తరువాతి పరిశోధనలలో ఈ సంబంధము అన్నిచోట్ల నొకే బలముతో కనబడలేదు. కోపమునకు ఒక్క జన్యువు కాదు, అనేకములు కొంచెము కొంచెముగా తోడగునని నేడు తెలిసినది. అయినను ఈ సంగతి చదివిననాడు మాకు నిద్రపట్టలేదు. నెత్తురును అణచుటకని మేము పట్టిన యీనెల కట్ట, ఆ నెత్తురు వేచియున్న వస్తువే యైనదా?

సోదరీమణులారా, ఇది మన కెఱుకలేని శాస్త్రమా? భీమవరము మొదలు అమలాపురము వఱకు సంక్రాంతికి కోళ్ళను పెంచువారి నడుగుడు. డేగయా, కాకియా, నెమలియా, సేతువయా యని రంగు చూతురు, తల్లి నెవరింట పెంచిరో విచారింతురు. అంతటితో ఊరకుందురా? పుంజును తోడి కోళ్ళనుండి విడదీసి కాలికి త్రాడు కట్టుదురు, ఈత కొట్టింతురు, ఇంట పిల్లలకు దొరకని బాదంపప్పు దానికి పెట్టుదురు. జాతి యొక్కటే చాలునన్నచో ఇన్ని తంటాలేల? (జంతువులను పోరాడించుట 1960 నాటి చట్టమువలన నేరము. అయినను బరులు ఏటేట వెలయుచునే యున్నవి, అది వేఱు సంగతి.) కోడి విషయమున మగవారికిగల యీపాటి తెలివి, కొడుకు విషయమున మనకు లేకపోయినది.

కెనడాలోని మాంట్రియల్ నగరమున ఎలుకలపై జరిగిన పరిశోధన యొకటి 2004లో వెలువడినది. పిల్లలను ఎక్కువగా నాకి సాకెడు తల్లులు కొన్ని, అంతగా పట్టించుకొననివి కొన్ని. పట్టించుకొనని తల్లి కనిన పిల్లను సాకెడు తల్లియొద్ద పుట్టగనే విడిచిరి. అది పెరిగి పెద్దదై, భయము తోచినప్పుడు త్వరగా కుదుటపడెడిదిగా తయారైనది. జన్యువు మాఱలేదు. దానిపై పడిన గడియ మాత్రము తెఱచుకొన్నది.

ఒక్క మాట. రక్తములోని కోపమని చెప్పి భార్యను కొట్టువానికి ఇందు ఆశ్రయము లేదు. అప్పిచ్చినవాని యెదుట, అధికారి యెదుట ఆ రక్తము చల్లగానే యుండును గదా! 2005 నాటి గృహహింస చట్టము వంశవృక్షము నడుగదు.

మా పిల్లవాని సంగతికి వత్తము. వాని తండ్రి కువైటునకు పోయి అప్పటికి ఎనిమిది నెలలు. రాత్రులు వాడు నిద్రలో పండ్లు కొఱుకుట మేము చూచియు నులిపురుగు మందు వేసితిమే గాని మాటాడింపలేదు. నాడు మేము కొట్టినది వాని తప్పునకా, మా యొంటరితనమునకా యని ఇప్పటికిని నిజము చెప్పలేము. మాకు మామగారి రక్తము లేదు సుమా! మేము పరాయి వంశపు పిల్లము. అయినను ఆ చేయి లేచినది.

ఈనెల కట్ట ఇప్పుడు పెరటిలో చీపురైనది. మాట సరిగా రాదు, ఒకనాడు విందుము, ఒకనాడు కసరుదుము. వాడు చెల్లెలిని మఱల రెండుసార్లు గిల్లినాడు. తుపాను తరువాత మా మామగారు అప్పుచేసి నాటిన చెట్లు నేడు గెలలు వేయుచున్నవి. మొన్న సాయంకాలము వాడు ముఖము కందగడ్డవలె చేసికొని, చెప్పులైనను లేకుండ ఆ తోటలోనికి పోయెను. పిలువబోయితిమి. అత్తగారు మా చేయి పట్టుకొనిరి. చాలసేపు చెట్టు మొదలునకు రాళ్ళు తగులుచున్న చప్పుడు వినబడినది. దీపాలవేళకు వచ్చి, కాళ్ళు కడుగుకొని, అన్నము పెట్టుమనెను.