వారానికా, నెలకా?

మన క్లబ్ మెయిల్ పత్రిక వారం వారం రావాలని పట్టుబట్టింది నేనే. నాలుగో వారానికే సరుకు అయిపోయింది. ఆదివారం రాత్రి పదకొండింటికి, మా అవ్వ చిన్నప్పుడు కరువులో గంజి కేంద్రం ముందు నిలబడ్డ కథను సగానికి కోసి పంపేశా. సెలవుల్లో పగిడ్యాలకి పోయి ఆమెకి చదివి వినిపిస్తే, "నేను చెప్పింది ఇంతేనారా? మిగతాది యాడికి పాయె?" అనింది. నోట మాట రాలేదు నాకు.

కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. వార్తలకి రోజూ పత్రిక తెచ్చిన ఆయనే, 1924లో సాహిత్యం కోసం పెట్టిన 'భారతి'ని మాత్రం మాసపత్రికగా తెచ్చారు. మనం వేసేదీ వార్తలు కావు కదా!

అందుకే ఇకమీదట నెలకొకసారే. మిగతా సగం రాసుకోడానికి దసరాకి మళ్లీ ఊరికి పోతున్నా. అవ్వ మొదట్నుంచీ చెప్తానంటోంది.