టీవీ లెక్క, కొబ్బరికాయల లెక్క

మొన్న కొబ్బరి దింపు తీయించిన రోజు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. కాయ రేటు గురించి కాదులెండి, దాని గురించి రాస్తే మీకూ నాకూ కడుపుమంటే. ఇది మా మనవడి లెక్కల గురించి.

మావాడికి ఐదేళ్ళు నిండేయి. వాళ్ళ నాన్న, అంటే మా పెద్దాడు, కువైట్‌లో ఉంటాడు. కోడలూ బుడ్డోడూ ఇక్కడ ఆలమూరులో మా దగ్గరే. వీడు లేవగానే టీవీలో యూట్యూబ్ పెట్టమంటాడు. నంబర్‌బ్లాక్స్ అని రంగురంగుల దిమ్మలు మాట్లాడుతూ లెక్కలు చెప్పే బొమ్మల కార్యక్రమం ఒకటుంది. ఇంగ్లాండు బీబీసీ వాళ్ళు 2017లో మొదలెట్టింది. అవీ, ఇంకా అంకెల పాటలూ చూసి చూసి వీడు వన్ టూ త్రీ అని వంద దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా వీడి చేత చెప్పించేవాణ్ణి. వాళ్ళు "అబ్బో, తాతని మించిపోయేడండీ" అంటే నాకు మా గొప్పగా ఉండేది.

ఆ రోజు కాయలు వాకిట్లో రాశి పోసి ఉన్నాయి. పక్కింటి మామ్మగారికి ఇద్దామని, "ఒరేయ్ నాన్నా, ఏడు కాయలు తెచ్చి అరుగు మీద పెట్టరా" అన్నాను. వెళ్ళేడు. దొర్లించుకుంటూ తెస్తున్నాడు. నోరేమో పాట పాడినట్టు వన్ టూ త్రీ ఫోర్ అని పరిగెడుతోంది, చెయ్యేమో ఇంకా రెండో కాయ దగ్గరే ఉంది. నాలుగు కాయలు పెట్టి "సెవెన్!" అని నా మొహం కేసి చూసేడు. "సరిగ్గా లెక్కెట్టరా" అంటే మళ్ళీ మొదలెట్టి అవే నాలుగు కాయలకి "సిక్స్" అన్నాడు.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చిందండి. వంద దాకా వచ్చినవాడికి ఏడు కాయలు లెక్కెట్టడం రాదా అని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అదే అరుగు మీద, పాతికేళ్ళ కిందట, వీళ్ళ నాన్నని ఏడో ఎక్కం రాలేదని కొబ్బరిమట్టతో కొట్టేను. ఒక్కసారి కాదు. వాడు లెక్కలంటేనే వణికిపోయేవాడు. పదోతరగతిలో లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి రాయనన్నాడు. తర్వాత పాస్‌పోర్టు, విమానం, కువైట్. చదువుకుని ఉంటే ఏమయ్యేవాడో నాకు తెలీదు గానీ, మొదట్లో ఓటీ లెక్క కట్టుకోవడం చేతకాక ఒక చోట జీతం తక్కువిచ్చినా ఊరుకున్నాడని వాడే చెప్పేడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా కోడలు గుమ్మంలోంచి చూసింది. "ఉండండి మామయ్యగారూ" అని వచ్చి వాడి పక్కన కూచుంది. ఒక్కో కాయ వాడి చేత ముట్టించి, ముట్టించినప్పుడే అంకె చెప్పించింది. కాయ పక్కకి జరిపేకే రెండో అంకె. ఆఖర్న "అయితే మొత్తం ఎన్ని?" అంది. వాడు మళ్ళీ మొదట్నించీ లెక్కెట్టబోయేడు. ఆఖరి అంకే మొత్తం అని వాడికి తెలీదన్నమాట. నాకు ఇన్నేళ్ళొచ్చేయి గానీ, పిల్లలకి అది కూడా వేరేగా నేర్పాలని ఆ రోజే తెలిసింది.

ఇంతకీ ఇది టీవీ తప్పా? ఆ మర్నాడు నేనూ వాడి పక్కన కూచుని చూసేను. నిజం చెప్పొద్దూ, బాగా తీసేరండి. నాలుగంటే నాలుగు దిమ్మలు ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకోటి ఎక్కితే ఐదు. మా బడిలో ఐదంటే పలక మీద వంకర గీత, అంతే. వీడికి ఐదు కళ్ళకి కనపడుతోంది. కాకపోతే ఆ దిమ్మ "ఎంతయింది?" అని అడిగి, వీడు ఆలోచించే లోపే జవాబు చెప్పేసి వెళ్ళిపోతుంది. వీడు తప్పు చెప్పినా అది నవ్వుతూనే ఉంటుంది. అందుకని మా కోడలు రిమోట్ చేతిలో పట్టుకుని అక్కడ ఆపుతుంది. వాడు వేళ్ళు మడిచి చెప్పేక మళ్ళీ నడిపిస్తుంది. పది నిమిషాల బొమ్మ అరగంట పడుతుంది.

ఈ సంగతి మా ఎరికలో ఉన్న ఒక మాస్టారితో అంటే ఆయన అమెరికా సంగతి చెప్పేరు. అక్కడ 1969లో సెసమీ స్ట్రీట్ అని పిల్లల కార్యక్రమం మొదలైంది. మన దేశంలో 2006లో గల్లీ గల్లీ సిమ్ సిమ్ పేరుతో హిందీలో వచ్చింది అదే. అక్కడ మొదటి ఏడాదే పిల్లల్ని పరీక్షించి చూస్తే, ఎక్కువ చూసిన పిల్లలకి అంకెలూ అక్షరాలూ ఎక్కువ వచ్చేయిట. అందులోనూ తల్లి పక్కన కూచుని మాట్లాడుతూ చూపించిన పిల్లలు ఇంకా ముందున్నారుట. మా కోడలికి ఇవేమీ తెలీవు, ఇంటరు చదివింది. తోచింది చేసింది.

టీవీతో చదువు మనకి కొత్తేమీ కాదు. మా తోడల్లుడిది కర్నూలు జిల్లాలో పల్లెటూరు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఏడాది పాటు అమెరికా వాళ్ళ ఉపగ్రహం అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీలిచ్చేరు. దాన్ని సైట్ అనేవారు. అప్పటి మన రాష్ట్రంలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వైపు ఊళ్ళకి వచ్చింది, మన గోదావరి వాళ్ళకి రాలేదు. కోళ్ళ దడికి కట్టే వలలాంటి జాలీతో పదడుగుల గొడుగు చేసి నిలబెట్టేరుట. పొద్దున్న బడిపిల్లలకి 22 నిమిషాల పైచిలుకు, సాయంత్రం పెద్దవాళ్ళకి వ్యవసాయం. పిల్లలంతా నేల మీద కూచుని నోరు తెరుచుకుని చూసేవారట. "బొమ్మ అయిపోయేక అయ్యవారు అడిగితే గుర్తుండేది, ఆయన అడగని రోజు ఏమీ గుర్తుండేది కాదు" అంటాడు మా తోడల్లుడు. కరోనా ఏడాది, 2020లో, సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చినప్పుడు మా వీధి పిల్లల సంగతీ అంతే. పొలం పనులకి పోకుండా ఇంట్లో ఎవరైనా ఉన్న పిల్లలు నాలుగు ముక్కలు నేర్చుకున్నారు. మిగతా ఇళ్ళల్లో టీవీ టీవీలాగే మోగింది.

ఇంకో తమాషా చెప్పాలి. మనం కాయలు లెక్కెట్టేటప్పుడు ఒకటి అనం కదా, "లాభం" అంటాం. మా నాన్నగారైతే ఏడు అనేవారు కాదు, ఏడుపు మాట అని "ఆరూ ఒకటి" అనేవారు. నాకూ అదే అలవాటు. నేను "లాభం, రెండు, మూడు" అంటుంటే బుడ్డోడు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, తప్పు, వన్ అనాలి" అన్నాడు. సరే అని వన్ అన్నాను. ఆరు దాటేక అలవాటు కొద్దీ "ఆరూ ఒకటి" అనేసేను. వాడు ఒక్క క్షణం ఆగి, "సిక్స్ మీద వన్ ఎక్కితే సెవెన్!" అని గెంతేడు. టీవీలో దిమ్మ ఎక్కినట్టు వాడికి కనపడిందన్నమాట. మా నాన్నగారు ఏడుపు మాట తప్పించుకోడానికి అన్నది వీడికి కూడిక అయి కూచుంది.

ఇప్పుడు దింపు రోజు వాడికి పని ఇచ్చేను. చేతికి రెండేసి చొప్పున రెండు చేతులా కాయలు పట్టుకుంటే పుంజీ, అంటే నాలుగు. నేను పుంజీ వేసినప్పుడల్లా వాడు ఒక చింతగింజ పక్కన పెట్టాలి. పాతిక గింజలైతే వంద కాయలు. మొదటి రోజు మూడు గింజలు ఎక్కువ పెట్టేడు, ఇంకో రెండు కోడిపెట్ట చెదరగొట్టింది. ఏమీ అనలేదు నేను. కొబ్బరితోటలో మాత్రం మూడు వరసల్లో మూడేసి చెట్లు చూసి, "తాతయ్యా, నైన్ ఇలాగే ఉంటాడు" అన్నాడు. ఆ చెట్లు నాటింది నేనే. అక్కడ తొమ్మిది చదరంగా ఉందని ఎప్పుడూ చూసుకోలేదు.

ప్రతి శుక్రవారం సెలవు కాబట్టి పెద్దాడు వీడియో కాల్ చేస్తాడు. మొన్న శుక్రవారం వీడు ఫోను అరుగు మీద ఆనించి వాళ్ళ నాన్నకి కాయలు లెక్కెట్టి చూపించేడు. లాభం, రెండు, మూడు అని నా లెక్కలోనే. పన్నెండు దాకా వెళ్ళి ఆగి, "మొత్తం పన్నెండు నాన్నా" అన్నాడు. అటునుంచి మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, వాణ్ణి కొట్టట్లేదు కదా" అన్నాడు.

లేదురా అన్నాను.