కోడీ నుంచి డగ్లస్ దాకా, రెండు రైఫిళ్ళతో

వయోమింగ్‌లో కోడీ అనే ఊరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎల్లోస్టోన్ పార్కుకు పోతూ దారిలో ఆగేవాళ్ళే. మేం మాత్రం పార్కు వైపు వెళ్ళనేలేదు. అక్టోబరు మొదట్లో నేనూ మా తోడల్లుడూ ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు వేటకని డెన్వర్‌లో బయల్దేరాం. కారు వెనక పెట్టెల్లో రెండు రైఫిళ్ళు. నాది .270 విన్‌చెస్టర్, 22 అంగుళాల మామూలు బ్యారెల్. అతనిది 6.5 క్రీడ్‌మోర్, 26 అంగుళాల బరువు బ్యారెల్. స్కోపు, బైపాడ్ (బ్యారెల్ కింద ఆనించే రెండుకాళ్ళ ఆసరా) కలుపుకుంటే అతని రైఫిల్ ఐదున్నర కిలోలు తూగుతుంది. నాది నాలుగు కిలోల లోపే. వేటకు ఏది పనికొస్తుందన్న వాదన దారి పొడవునా సాగింది. అతను ఏళ్ళ తరబడి కాగితం మీద గురి పెట్టి కాల్చినవాడు, వేటకు రావడం కొత్త. నేను వేట కోసమే రైఫిల్ పట్టినవాణ్ణి.

కోడీలో బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ అనే పెద్ద భవనం ఉంది. ఒకే కప్పు కింద ఐదు మ్యూజియంలు. అందులో తుపాకుల మ్యూజియాన్ని సరికొత్తగా తీర్చిదిద్ది 2019లో మళ్ళీ తెరిచారు. మా వాదనకు ఇంతకన్నా మంచి చోటు దొరకదని అతన్ని పట్టుబట్టి అక్కడికి తీసుకెళ్ళాను.

సెయింట్ లూయీలో హాకెన్ సోదరులు చేసిన రైఫిళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాం. ఎనిమిది పలకల మందపాటి బ్యారెళ్ళు. రాకీ పర్వతాల్లో బీవర్ల కోసం తిరిగిన వేటగాళ్ళు ఇంత ఇనుమును ఎలా మోశారని మావాడు అడిగాడు. దూరాలు పోయేటప్పుడు ఆ బరువు చాలామటుకు గుర్రం మీదే పడేది. ఆ పక్కనే 1870ల నాటి షార్ప్స్ రైఫిళ్ళు. వాటిలో కొన్ని పదహారు పౌన్లు, అంటే ఏడు కిలోలకు పైనే. అడవిదున్నలను వేటాడినవాళ్ళు వీటిని భుజాన వేసుకుని తిరగలేదు. మంద కనపడే చోట కూర్చుని, రెండు కర్రలు అడ్డంగా కట్టి వాటి మీద బ్యారెల్ ఆనించి, కదలకుండా కాల్చుతూ పోయారు. అంత కాల్పుకు మందపాటి బ్యారెల్ కావాల్సిందే. 1880లు సగం గడిచేసరికి ఆ మందలు మిగల్లేదు. ఆ తుపాకుల పనితనం ఎంత గొప్పదైనా నాకు వాటిని చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఇక నా వైపు సాక్ష్యం. విన్‌చెస్టర్ మోడల్ 70 రైఫిల్ వచ్చింది 1936లో. దానిలోనే తేలిక రకం ఫెదర్‌వెయిట్ 1952లో వచ్చింది. అవుట్‌డోర్ లైఫ్ పత్రికలో దశాబ్దాల పాటు రాసిన జాక్ ఓకానర్ కొండగొర్రెల వెంట కాలినడకన తిరిగిన మనిషి. .270కి ఆయనను మించిన ప్రచారకుడు లేడు. కొండెక్కేవాడి చేతిలో ఎలాంటి రైఫిల్ ఉండాలో ఆయన తన కాళ్ళతో తేల్చుకున్నాడు. నేను ఆ పక్షమే.

"అన్నా, మ్యూజియంలో ఉన్నవాళ్ళంతా నీ వైపే మాట్లాడతారా?" అన్నాడు మావాడు బయటికి వస్తూ.

"హాకెన్లూ షార్ప్సులూ నీ వైపే కదా" అన్నాను. నిజమే మరి. కూర్చుని కాల్చేవాడిదీ, మోయడానికి గుర్రం ఉన్నవాడిదీ వేరే లెక్క.

కోడీ నుంచి దక్షిణానికి దిగితే మిటీట్సీ వస్తుంది. నల్లకాళ్ళ ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువు ఇక లేదనుకున్న రోజుల్లో, 1981లో, ఈ ఊరి దగ్గర ఒక రాంచ్ కుక్క దాన్ని నోట కరుచుకొచ్చింది. అలా ఆ జాతి బతికే ఉందని తెలిసింది. ఈ ఫెర్రెట్లు బతికేది ప్రెయిరీ డాగ్ అనే నేల ఉడుతల మీద. తర్వాత థర్మోపొలిస్ వేడినీటి బుగ్గల గంధకం వాసన, దాన్ని దాటితే విండ్ రివర్ లోయ. రోడ్డు పక్కన ఏ రాతిపొర ఏ కాలానిదో బోర్డులు పెట్టారు. షోషోనీ దాటాక కాస్పర్ దాకా గాలే గాలి.

కాస్పర్ బయట షూటింగ్ రేంజ్‌లో రెండు రైఫిళ్ళూ బయటికి తీశాం. ముందు ఒక డాలర్ నోటు తీసి బ్యారెల్‌కీ దాని కింది కర్రకీ మధ్య జొనిపి వెనక్కి లాగాను. ఎక్కడా తగలకుండా జారుకుంటూ ఛాంబర్ దాకా పోయింది. బ్యారెల్ కర్రను ఎక్కడైనా తాకుతుంటే వేడెక్కినప్పుడు పక్కకు నెట్టుకుపోతుంది, గురి చెడుతుంది. బ్యారెల్ సన్నదా లావుదా అని తలపట్టుకునే ముందు చూడాల్సింది ఇదీ, స్కోపు బిగింపులూ. చాలామంది ఇది చూడకుండానే నెపమంతా సన్న బ్యారెల్ మీద వేస్తారు.

వంద గజాల దూరంలో కాగితం. నా రైఫిల్ మొదటి మూడు గుండ్లూ అంగుళంలోపే పడ్డాయి. ఐదోదీ ఆరోదీ కొంచెం పైకీ కుడికీ జరిగాయి. బ్యారెల్ మీద చెయ్యి పెడితే రెండు క్షణాలు ఉంచలేకపోయాను. స్కోపులో కాగితం నీళ్ళలో ఆడుతున్నట్టు కదిలింది. బ్యారెల్ మీద నుంచి లేచే వేడిగాలి అది. మావాడు అదే ఊపులో పది కాల్చాడు. పదీ ఒక్క గుంపుగా పడ్డాయి. ముఖం వెలిగిపోయింది.

కారణం సూటిగానే ఉంది. బ్యారెల్ బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నా బ్యారెల్ మూతి దగ్గర 0.6 అంగుళాల లావు, అతనిది 0.82. తేడా చూడ్డానికి కొంచెమే కానీ, ఆ చివర బిగువు మాత్రం మూడున్నర రెట్లు. గుండు లోపల పోతున్నప్పుడు బ్యారెల్ వణుకుతుంది. లావుదాని వణుకు చిన్నది. పైగా ఉక్కు ఎక్కువ కాబట్టి వేడి పట్టడానికి ఎక్కువ గుండ్లు పడతాయి. మొత్తం బరువు పెరిగితే భుజం మీద తన్నూ తగ్గుతుంది. ఇందులో కాదనడానికి ఏమీ లేదు.

కానీ వేటలో జంతువు పది గుండ్ల దాకా నిలబడదు. చల్లని బ్యారెల్ నుంచి వెళ్ళే మొదటి గుండు ఎక్కడ పడుతుందన్నదే అక్కడి ప్రశ్న. నేను రేంజ్‌కు వెళ్ళిన ప్రతిసారీ ఆ మొదటి గుండు పడిన చోటును విడిగా పుస్తకంలో రాసుకుంటాను. మిగతావి కాల్చేది చెయ్యి అలవాటు కోసం. నా పుస్తకంలో ఆ మొదటి గుండ్లన్నీ రెండంగుళాల వలయంలో ఉన్నాయి. ప్రాంగ్‌హార్న్ రొమ్ములో గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిది తొమ్మిది అంగుళాలు ఉంటుంది.

మర్నాడు డగ్లస్ దగ్గర ఒక పశువుల రాంచ్‌కు వెళ్ళాం. ప్రెయిరీ డాగ్‌లు గడ్డి తినేసి బొరియలు తవ్వుతున్నాయని ఆ యజమాని గోడు. ఆయన .22-250 రైఫిల్ బ్యారెల్ చేతి మణికట్టంత ఉంది. మైదానంలో బల్ల వేసుకుని, ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, పొద్దుటి నుంచీ అక్కడే కూర్చున్నాడు. గురి చిన్నది, దూరం ఎక్కువ, గుండ్లు లెక్కలేనన్ని. బల్ల దగ్గరి నుంచి లేచే పనే లేదు. బరువు బ్యారెల్‌కు ఇంతకన్నా తగిన పని ఉండదు. నేను మాత్రం వాటిని కాల్చను. మిటీట్సీ కథ తెలిశాక మనసొప్పదు. సీసం గుండు ముక్కలున్న కళేబరాలను తిని గద్దలు విషం బారిన పడతాయి, అదొకటి. కాల్చక తప్పదనుకునేవాళ్ళు రాగి గుండ్లు వాడితే ఆ కీడైనా తప్పుతుంది.

మా వేట చోటు ఆ రాంచ్ కాదు. రైతుల భూములను రాష్ట్ర వన్యప్రాణి శాఖ వేటగాళ్ళకు తెరిపించే పథకం ఒకటుంది. వాటిని వాక్-ఇన్ ఏరియాలంటారు. బండి రాదు, లోపల కాలినడకే. నారింజ రంగు చొక్కాలు వేసుకుని చీకటితోనే నడక మొదలుపెట్టాం. సముద్రమట్టానికి అయిదు వేల అడుగుల ఎత్తు. సేజ్‌బ్రష్ పొదలు, వాటి కింద ముళ్ళ కాక్టస్. ప్రాంగ్‌హార్న్ కళ్ళు చాలా చురుకైనవి, మైలు దూరంలో కదిలినా పసిగడతాయి. వాగు పల్లాల్లో దాక్కుంటూ పోవాలి.

మూడో గుట్ట దగ్గర మావాడు రైఫిల్ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. తర్వాత చేతుల్లోకి తీసుకున్నాడు. "అన్నా, ఇది కూడా దిగి ఎక్కాలా?" అన్నాడు. మంద ఆ అవతల ఉంది.

గుట్ట మీద నుంచి చూస్తే మంద నాలుగు వందల గజాలు దాటి మేస్తోంది. అతను బైపాడ్ దించి పడుకున్నాడు. ఆ రైఫిల్ అలా నేలకు కరుచుకున్నాక కదలదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పక్క నుంచి గాలి వీస్తోంది. గంటకు పది మైళ్ళ గాలి కూడా అంత దూరంలో గుండును అడుగు దాకా పక్కకు తోస్తుంది. ఆ గుండు ఊపిరితిత్తులను తప్పి పొట్టలో పడితే జంతువు గంటల తరబడి యాతన పడి చస్తుంది. బ్యారెల్ లావు గాలిని ఆపదు. "వద్దు, దగ్గరికి పోదాం" అన్నాను. వేటాడే హక్కు తీసుకున్నవాడు ఆ యాతన రాకుండా చూసే బాధ్యత కూడా తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు.

రెండు వందల గజాలు పాకాం. మోచేతుల్లో ముళ్ళు. నేను రైఫిల్‌ను మోచేతుల వంపులో పెట్టుకుని జరుగుతుంటే, అతను తనదాన్ని ముందుకు నెట్టి, తర్వాత తాను జరిగి, మళ్ళీ నెట్టాల్సి వచ్చింది. ఆగిన చోట అతని ఊపిరి ఎగసిపడుతోంది, స్కోపులో గీత నిలబడటం లేదు. "నువ్వే కాల్చన్నా" అన్నాడు. వీపుసంచి ముందు పెట్టి దాని మీద నా రైఫిల్ ఆనించాను. తేలిక రైఫిల్‌ను గాలి ఊపుతుంది, ఉత్త చేతుల్లో నిలవదు. అందుకే ఈ ఆసరా. మగది పక్కకు తిరిగే దాకా ఆగి, భుజం వెనక గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను. నాలుగడుగులు వేసి కూలింది.

లైసెన్సు చీటీ మీద తేదీ గుర్తుపెట్టి సంతకం చేసి, వెంటనే పొట్ట చీల్చి పేగులు తీశాం. ప్రాంగ్‌హార్న్ మాంసం వేడి దిగడం ఆలస్యమైతే రుచి చెడుతుంది. దాన్ని మంచి మాంసం కాదనేవాళ్ళలో చాలామంది ఈ పని సరిగ్గా చేయనివాళ్ళే. సంచుల్లో కట్టి రెండు విడతలుగా కారు దాకా మోశాం. రెండో విడతలో మావాడు తన రైఫిల్ కారులోనే వదిలి వచ్చాడు.

కాస్పర్ చేరేలోపు ఐస్‌పెట్టెలో మాంసం సర్దుకుని మళ్ళీ లెక్కలు మొదలుపెట్టాం. ఆ రైఫిల్‌ను అమ్మడానికి అతనికి మనసు రావడం లేదు. అంత చక్కగా కాల్చేదాన్ని అమ్మమని నేనూ చెప్పను. "26 నుంచి 20 అంగుళాలకు కోయిస్తేనో?" అన్నాడు. ఫోనులోనే లెక్క కట్టాం. ఆ లావున ఆరంగుళాల ఉక్కు తీసేస్తే తగ్గేది 360 గ్రాములు. అంగుళానికి సెకనుకు 20, 25 అడుగుల చొప్పున వేగం పోయినా, 250 గజాలలోపు ఆ తేడా జంతువుకు తెలియదు. బిగువు ఇంకా పెరుగుతుంది, బరువు చేతి దగ్గరికి జరుగుతుంది. అయినా రైఫిల్ ఐదు కిలోల పైనే మిగిలింది. బైపాడ్, పెద్ద స్కోపు తీసేసి చిన్నది బిగిస్తే నాలుగున్నరకు దిగుతుంది. "పొడవు నీది నువ్వు చూసుకో, వచ్చే ఏడాది నడిచే దూరం మాత్రం ఇదే" అన్నాను. అతను తుపాకీ మేస్త్రీకి ఫోన్ చేసి, కోసి మూతి నున్నగా చేయడానికి ఎంత తీసుకుంటారని అడుగుతున్నాడు.